లక్ష్మీనరసమ్మగారి నడిబల్ల

ఇంద్రుడు తన కొలువులో భోజనాల బల్లలు సర్దే పని మా మామ్మకి అప్పజెప్పి ఉంటే, పారిజాతం కోసం అంత రభస జరిగేదే కాదు. ఆ చెట్టును బల్ల మధ్యన నిలబెట్టి, ఎన్ని కుర్చీలుంటే అన్ని అంట్లు కట్టి ఉంచేది. భోజనాలయ్యాక రుక్మిణికొకటి, సత్యభామకొకటి చేతిలో పెట్టి, "పెరట్లో పాతుకోండమ్మా. నీలు పొయ్యడం మర్సిపోకండి" అని సాగనంపేది. దేవతలకి అంత అదృష్టం లేకపోయింది. మామ్మ చీపురుపల్లి కోడలైంది.

మామ్మ పేరు లక్ష్మీనరసమ్మ. మా తాత నగరేశ్వరరావుకి మార్కెట్ వీధిలో కిరాణా కొట్టు ఉంది. డెబ్భై ఏళ్ళు దాటిన ఈ మనిషికి ఉన్నది ఒక్కటే పిచ్చి. శుభకార్యంలో భోజనాల బల్ల మధ్యన అందానికి పెట్టే వస్తువు ఏదైనా సరే, తిన్నవాళ్ళతో పాటు వాళ్ళ ఇంటికి వెళ్ళాలి, వెళ్ళి పనికి రావాలి. చూసి వదిలేసే వస్తువు బల్ల మీద కనిపిస్తే ఆవిడకి అన్నం దిగదు. డెకరేషన్ వాళ్ళు దాన్ని సెంటర్‌పీస్ అంటారు. మామ్మ దానికి పెట్టిన పేరు నడిబల్ల.

"సూసి ఏటి సేస్తారే? సూపుకి కడుపు నిండుతాదేటి?" అంటుంది.

నడిబల్లకి పెద్ద ఖర్చు పెట్టడం మామ్మ దృష్టిలో చేతకానితనం. కొట్లో ఉన్నది, పెరట్లో మొలిచింది, వంటవాళ్ళు పారేసింది, ఈ మూడింటిలోంచే రావాలి. బల్లకి ఎనిమిది కుర్చీలుంటే నడిబల్ల ఎనిమిది ముక్కలుగా విడిపోవాలి. ఏడైతే పగ, తొమ్మిదైతే కొట్లాట. అందుకని ఎక్కడికెళ్ళినా ముందు కుర్చీలు లెక్కపెడుతుంది. పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు దవడ పట్టుకుని మూలుగుతూనే గదంతా చూసి, "ఆరు కుర్చీలు. మధ్యన నాలుగే పుస్తకాలు. ఈ డాక్టరుకి తెలివి నేదు" అంది.

మా అత్త సీమంతానికి ఎనిమిది చెక్క గరిటెలు కలిపి కట్టి తామరపువ్వులా విప్పారేటట్టు నిలబెట్టింది. ఒక బారసాలకి సబ్బుబిళ్ళలతో రథం కట్టింది. ఆ రథాన్ని తలా ఒక ముక్క పట్టుకెళ్ళి మా చుట్టాలందరూ వారం రోజులు ఒకే వాసన కొట్టారు.

అరసవల్లిలో మామ్మ మేనల్లుడు త్రినాథ్ ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశానికి బల్లలు సర్దిపెట్టమని మామ్మని పిలిచాడు. పిలిచినవాడికి తెలియాలి. పదకొండు గంటలకి వచ్చి చూస్తే బల్ల బల్లకీ ఎనిమిదేసి కొత్త చీపుర్లు బంతిపూల దండలు వేసుకుని నిటారుగా నిలబడి ఉన్నాయి.

"అత్తా! తినే బల్ల మీద సీపుర్లేటి?"

"కొత్తవిరా."

"కొత్తవైతే మాత్రం? సుట్టాలు నవ్వుతారు."

"నవ్వనీ. నవ్వితే అరుగుదల."

చుట్టాలు నవ్వుతూనే తిన్నారు. తిని తలొక చీపురూ పట్టుకుని బయల్దేరబోతే మామ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "కొత్త సీపురు ఊరికే ఇంటికి తీసుకెల్లకూడదు. ముందు ఒక్క గది ఊడ్సి తీసుకెల్లండి, కలిసొస్తాది" అంది. అరగంటలో త్రినాథ్ ఇంట్లో ఇటికపొడి రేణువు లేదు. మేడమీద గదికి మనిషి మిగల్లేదని పురోహితుడి చేత కూడా ఊడ్పించింది.

మామ్మ చరిత్రలో ఓటమి ఒక్కటే. వైశాఖమాసంలో ఒక పెళ్ళికి బెల్లంతో ఎనిమిదంతస్తుల గోపురాలు కట్టింది. వడ్డన మొదలయ్యేసరికి గోపురాలు పానకమయ్యాయి. చీమలు పిలవకుండానే వచ్చి మొదటి బంతిలో కూర్చున్నాయి. మా తాత లేవబోతే ఆయనతో పాటు కుర్చీ కూడా లేచింది.

"ఒసే, నడిబల్లతో పాటు కుర్చీ కూడా ఇంటికి తీసుకెల్లాలేటి?" అని తాత పంచె పీక్కుంటూ అరిచాడు.

"బెల్లం తప్పు నేదు, నా తప్పూ నేదు. ఇంత ఎండలో ముహూర్తం పెట్టిన పంతులుది తప్పు" అంది మామ్మ. ఇది గమనించాలి. పొరపాటు నాది అనే మాట మామ్మ నోట ఆ రోజు రాలేదు. అంతకు ముందూ రాలేదు. సూర్యుడు పడమట పొడిచినా ఆ మాట రాదని తాత పందెం కాసేవాడు.

ఇక రబ్బరు పువ్వులంటే మామ్మకి ఎంత మంటో చెప్పాలి. విజయనగరంలో ఒక పుట్టినరోజుకి వెళ్ళినప్పుడు బల్ల మీద పువ్వును వేళ్ళతో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని నన్నడిగింది.

"ఏటే ఇది? వాసన నేదు."

"రబ్బరుది మామ్మా. ఎన్నేళ్ళైనా ఇలాగే ఉంటుంది."

"తల్లో పెట్టుకుంటారా?"

"పెట్టుకోరు."

"దేవుడికి?"

"పెట్టరు."

"అయ్యో పాపం. దానికి బతుకూ నేదు, సావూ నేదు" అని ఆ పువ్వు తల నిమిరింది.

ఇటువంటి మామ్మకి రెండేళ్ళ కిందట మా సుహాసిని పిన్ని పెద్ద పరీక్ష పెట్టింది. పిన్ని కూతురి ఓణీల ఫంక్షన్. స్టేషన్ రోడ్డులో ఫంక్షన్ హాలు, పన్నెండు గుండ్రటి బల్లలు.

"అత్తయ్యా, ఈ ఒక్కసారికి బల్లలు మీరు ముట్టుకోకండి. విజయనగరం నుంచి డెకరేషన్ అమ్మాయి వస్తాది. ఫొటోలు బాగా రావాల" అంది పిన్ని, మంచినీళ్ళ గ్లాసు అందిస్తూ, రెండడుగులు వెనక్కి వేసి.

మామ్మ గ్లాసు ఖాళీ చేసి పిన్ని చేతికే ఇచ్చింది.

"సరే. ముట్టుకోను. ఒట్టు."

ఫంక్షన్ రోజున మామ్మ చేతులు రెండూ కొంగులో దాచుకుని తిరిగింది. బయట ఉంటే వాటంతటవే ఏదో ఒకటి సర్దేస్తాయని ఆవిడ భయం.

డెకరేషన్ అమ్మాయి పేరు సింధూరి. ఇరవై రెండేళ్ళుంటాయి. సొంతంగా ఒప్పుకున్న మొదటి పని మాదే. సామానంతా విశాఖపట్నంలో ఒక పెద్ద కొట్టు నుంచి అద్దెకి తెచ్చింది. మర్నాడు పదకొండు గంటలకి వాళ్ళ వ్యాను వచ్చి తీసుకెళ్తుంది. ఒక్క ముక్క తగ్గినా మళ్ళీ సామాను ఇవ్వబోమని ముందే చెప్పారట. వచ్చే వారం కొత్తవలసలో పెళ్ళి కూడా ఒప్పుకుంది. ఆ కొట్టు ఇస్తేనే ఆ పెళ్ళి.

బల్లలు నిజంగానే బాగున్నాయి. కింద లేసు గుడ్డ, దాని మీద గుండ్రటి అద్దం, అద్దం మీద పొడుగాటి గాజు కూజా, అందులో మూడు తెల్లటి రబ్బరు పువ్వులు, పక్కన బ్యాటరీ దీపం, చుట్టూ గుప్పెడు రంగు గులకరాళ్ళు. మామ్మ దూరం నుంచే చూసి పెదవులు కదిపింది. "గుడ్డ ఒకటి, అద్దం రెండు, కూజా మూడు, దీపం నాలుగు, రాళ్ళు ఐదు, పువ్వులు మూడు. ఎనిమిది! కుర్చీలూ ఎనిమిది! పరవానేదే, ఈ డెకరేషన్ గుంటకి బుర్ర ఉన్నాది" అని స్టేజీ దగ్గర పిల్లకి అక్షింతలు వెయ్యడానికి వెళ్ళిపోయింది.

లెక్క కుదిరిందన్న సంగతి మామ్మ ఒక్కతే కనిపెడితే ఏ గొడవా ఉండేది కాదు. ముప్పై ఏళ్ళుగా మా ఇంటి నడిబల్లలు విప్పుకుని పట్టుకెళ్తున్న చుట్టాలందరూ కనిపెట్టారు.

తాతకి చిన్ననాటి స్నేహితుడు జగన్నాధం మాస్టారు కొత్తవలస నుంచి వచ్చారు. హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. పెరుగన్నం అవగానే మూతి తుడుచుకుని, తన బల్ల దగ్గర వాటాలు మొదలుపెట్టారు. "కూజా పెద్దావిడకి. దీపం చూపు తక్కువున్నవాళ్ళకి. గులకరాళ్ళు పిల్లాడికి. అద్దం నాకు. గడ్డం గీసుకోవడానికి పనికొస్తాది. లక్ష్మీనరసమ్మగారు ఈసారి ఎంత బాగా చేశారో చూడండి!" మిగతా పదకొండు బల్లలూ ఆయన్ని చూసి న్యాయం నేర్చుకున్నాయి.

నేను ఆపలేదా అని మీరడగొచ్చు. నా హ్యాండ్‌బ్యాగులో లేసు గుడ్డ ఉంది. అలవాటు.

నాలుగు గంటలకి సింధూరి అట్టపెట్టెలు పట్టుకుని వచ్చి చూస్తే పన్నెండు బల్లలూ గోచీ కూడా లేకుండా నిలబడి ఉన్నాయి. ఆ పిల్ల అరవలేదు. ఒక కుర్చీలో కూర్చుని, పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, అందులోకి చూస్తూ ఉండిపోయింది. కన్నీళ్ళు పెట్టెలోనే పడుతున్నాయి.

"ఉండమ్మా, వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తాను. ఎవరు తీసిన సామాను వాళ్ళు తెచ్చి ఇచ్చీమని" అని పిన్ని ఫోను తీసింది.

"ఆ ఫోను లోపల పెట్టు" అంది మామ్మ. "మన ఇంట తిన్నోల్లని దొంగల్ని సేస్తావేటి? ఆల్లు దొంగతనం సెయ్యలేదు. నేను నేర్పిన పని సేసేరు."

సింధూరి కళ్ళు తుడుచుకుంది. "పోనీ నేనే ఇంటింటికీ ఎల్లి అడుగుతాను మామ్మగారూ."

"నువ్వెల్తే రేపట్నించి ఊరికి ఏటి తెలుస్తాది? బల్ల మీద పెట్టిన సామాను తిరిగి అడుక్కున్న గుంటవని తెలుస్తాది. ఇంకెవరు పిలుస్తారే నిన్ను?"

"మరి ఎలాగండీ?"

మామ్మ కొంగులోంచి చేతులు బయటికి తీసింది. ఆ కదలిక చూడగానే మా తాత కొట్టు తాళాలు జేబులోంచి తీసి బల్ల మీద పెట్టేశాడు. నలభై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన నేర్చుకున్నది అది.

"ఒకరింటి గిన్ని మనింట్లో ఉంటే ఖాళీగా తిరిగిస్తామా? ఏదో ఒకటి ఏసి ఇస్తాం. ఇదీ అంతే. ఏదో ఒకటి ఇచ్చి తెచ్చుకోవాల" అంది మామ్మ. తర్వాత వేళ్ళు మడుస్తూ ఏ బల్ల దగ్గర ఎవరెవరు కూర్చున్నారో ఒప్పజెప్పింది. ముగ్గురేసి, ఇద్దరేసి ఒకే ఇంటివాళ్ళు కాబట్టి ముప్పై ఎనిమిది ఇళ్ళు తేలాయి.

ఫంక్షన్ హాలు వెనకాల వంటవాళ్ళు పారేసిన కొబ్బరిచిప్పల గుట్ట ఉంది. మామ్మ అందులోంచి మంచివి ఏరించి, పీచు గీకించి, కడిగించింది. తాత కొట్లోంచి ఆవాలు, జీలకర్ర, మినపప్పు వచ్చాయి. మూడు చిన్న పొట్లాలు కట్టి చిప్పలో నిలబెట్టి, మధ్యన కరివేపాకు రెమ్మ గుచ్చింది. చుట్టూ ఎండుమిరపకాయలు తొడిమలతో సహా దారానికి కట్టి రేకుల్లా పరిచింది. ఒక పసుపు కొమ్ము. అంతే. ఎర్రటి పువ్వు మధ్యలోంచి పచ్చటి కొమ్మ లేచినట్టుంది. మొత్తం పువ్వు పోపులోకి పనికొస్తుంది, మిగిలిన చిప్ప ఉప్పు పోసుకోవడానికి.

సింధూరి ఒకటి చూసి, రెండోది తను కట్టింది. మూడోది మామ్మ కట్టినదాని కంటే బాగా వచ్చింది. రేకులు రెండు వరసలు వేసింది.

మామ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "సెయ్యి మంచిదే. రబ్బరు దగ్గర కూకుని పాడైపోనాది" అంది. మామ్మ నోట ఇంతకు మించిన బిరుదు నేనెన్నడూ వినలేదు.

కొత్తవలస పాసింజరు వచ్చే వేళైంది. మాస్టారు అద్దంతో సహా వెళ్ళిపోతారు. మామ్మను స్కూటీ మీద కూర్చోబెట్టుకుని స్టేషనుకి పరుగెత్తాను. ప్లాట్‌ఫారం బెంచీ మీద మాస్టారు అద్దం మోకాళ్ళ మీద పెట్టుకుని మీసం చూసుకుంటున్నారు.

"మాస్టారూ, ఆ అద్దం ఇటియ్యండి" అంది మామ్మ.

"అదేంటమ్మా! నేను న్యాయంగానే పంచాను. కావాలంటే నా బల్ల వాళ్ళని అడగండి."

"మీ న్యాయానికేటి లోటు నేదు. పొరపాటు నాది."

సంచిలోంచి కొబ్బరిచిప్ప తీస్తున్నదాన్ని అలాగే ఆగిపోయాను. తాత అక్కడ లేడు, ఉంటే పందెం ఓడిపోయి ఉండేవాడు.

"నడిబల్ల సగం కట్టి పెట్టీసేను" అంది మామ్మ, పట్టాల వైపు చూస్తూ. "సగం వస్తువు సుట్టాల ఇంట్లో ఉండకూడదు. మా ఇంటికి మంచిది కాదు. అసలుది ఇదుగో."

మాస్టారు కొబ్బరిచిప్ప అందుకుని వాసన చూశారు. మొహం విప్పారింది. అంతలోనే ఏదో గుర్తొచ్చింది. "అయితే ఆ రబ్బరు పువ్వులు కూడా మీరే పెట్టారా?"

చిన్నప్పుడు నాకు ఆముదం పట్టించినప్పుడు నా మొహం ఎలా ఉండేదో ఇప్పుడు మామ్మ మొహం అలా ఉంది.

"నేనే పెట్టేను."

"మీరా?"

"ఎన్ని మాట్లు అడుగుతారు మాస్టారూ? రైలొస్తన్నాది, ఎల్లండి."

మర్నాడు తెల్లవారగానే మిగతా ఇళ్ళకి బయల్దేరాం. నేను నడపడం, మామ్మ దిగడం, వెనకాల ఆటోలో సింధూరి పెట్టెలతో దూరంగా నిలబడడం. ప్రతి గుమ్మంలోనూ మామ్మ అదే మాట చెప్పింది. పొరపాటు నాది, సగం కట్టి పెట్టాను, అసలుది ఇదుగో. ఎవరూ నొచ్చుకోలేదు. కొత్తది వచ్చాక పాతది ఇవ్వడానికి ఎవరికి బాధ? ఒకావిడ రబ్బరు పువ్వుకి రాత్రంతా నీళ్ళు పోసి కిటికీలో పెట్టింది. ఒకమ్మాయి జడలో పెట్టుకుని కాలేజీకి బయల్దేరితే బస్సు ఎక్కేలోపు పట్టుకున్నాం. ఒకాయన కూజాలో అప్పుడే కంది పొడి పోసేశాడు. గులకరాళ్ళు పిల్లల జేబుల్లో ఉన్నాయి. మామ్మ చిప్ప చేతికిచ్చి చెయ్యి చాచేసరికి, ఆ పిల్లలు గాభరాలో సొంత గోళీలు కూడా ఇచ్చేశారు.

కానీ ఊరు ఊరుకోదుగా. మేం నాలుగో వీధిలో ఉండగానే మాట మాకన్నా ముందు నడిచింది. కొట్టు దగ్గర తాతని ఒకాయన, "మీ ఆవిడకి ఒంట్లో బాగున్నాదా నగరేశ్వరరావుగారూ? రబ్బరు పువ్వులు పెట్టిందట" అని పరామర్శించాడు. ఇంకొకావిడ మామ్మ ముందే, "పెద్దదైపోనాది పాపం, మతి తప్పుతన్నాది" అని పక్కావిడతో అంది. మామ్మకి చెవులు బాగా వినిపిస్తాయి. మామూలు రోజైతే ఆ ఇద్దరూ ఆ వీధిలోంచి ఇల్లు మారాల్సి వచ్చేది. మామ్మ స్కూటీ ఎక్కి, "పోనీవే" అంది.

ఆఖరి ఇల్లు గురమ్మది. ఊరి చివర చిన్న రైతు కుటుంబం. రోజూ మా కొట్టుకి కరివేపాకు, కొత్తిమీర తెచ్చేది ఆవిడే. మా ఇంట్లో ఏ కార్యమైనా మామ్మ ఆవిడకి స్వయంగా బొట్టు పెట్టి పిలుస్తుంది. బ్యాటరీ దీపాన్ని గురమ్మ పశువులశాలలో దూడ దగ్గర వేలాడదీసింది.

మామ్మ తన పాఠం మొదలుపెట్టింది. "గురమ్మా, పొరపాటు నాది..."

"ఊరుకో అమ్మా" అంది గురమ్మ. "నీ సేతిది నాకు తెల్దేటి? అది నువ్వెట్టింది కాదు. ఎవుల్నో కాసుకుంటన్నావు. దీపం తీసుకెల్లు, నాను నోరిప్పను."

దీపం నా చేతిలో పెట్టి, నన్ను వంటింట్లోకి పిలిచింది. గోడకి గరిటె. మూల చీపురు. గూట్లో చాట. అన్నీ మా నడిబల్ల ముక్కలే.

"నీకు తెల్సా గుంటా? పెల్లిల్లలో సంచులు గుమ్మం కాడ ఇస్తారు. ఇచ్చినోలు ముందు మొకం సూత్తారు. కారు దిగినోలకి స్టీలు డబ్బా, నడిసొచ్చినోలకి పలాస్టిక్ గిన్ని. సంచిలో ఏటున్నాదో తీసి సూసుకోనక్కర్నేదు, ఇచ్చినోల కల్లు సెప్పీతాయి. మీ మామ్మ కాడ గుమ్మంలో ఎవులూ నిలబడరు. అంతా బల్ల మీదే ఉంటాది. సావుకారి బల్లకీ అదే ముక్క, నా బల్లకీ అదే ముక్క. ఇరవయ్యేల్లయినాది, మీ ఇంటి నుంచి నాను తలొంచుకుని రానేదు."

నేను మామ్మది ఇన్నాళ్ళూ పిసినారితనమని పదిమందిలో వెక్కిరించేదాన్ని. సిగ్గుపడాల్సిన చోట నాకు గర్వం ముంచుకొచ్చింది. గుమ్మంలోకి చూస్తే మామ్మ వినపడనట్టు అటు తిరిగి, "ఈ దూడకి పేరెట్టేవా గురమ్మా? సెవులు బాగున్నాయి" అంటోంది.

పదకొండుకి వ్యాను వచ్చింది. లెక్క చూసుకోవడానికి వచ్చింది కుర్రాడు కాదు, చినబాబు అనే నడివయసు మనిషి. ఒక్కొక్కటీ ఎత్తి చూశాడు. కూజాలు పన్నెండు, అద్దాలు పన్నెండు, గుడ్డలు పన్నెండు, దీపాలు పన్నెండు, పువ్వులు ముప్పై ఆరు. గులకరాళ్ళు డబ్బాతో కొలిస్తే డబ్బా నిండి పైకి పొర్లాయి.

"అద్దాలు మా కొట్లో కూడా ఇంత మెరవవే! ఈ కూజాలో కంది పొడి వాసనేటి?"

"మా ఊరి గాలి అలాంటిది బాబూ" అని మామ్మ మిగిలిన చిప్ప ఒకటి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని స్టీరింగు ముందు నిలబెట్టుకుని, సింధూరితో, "కొత్తవలస పెళ్ళికి ఏయే సామాను కావాలో ఫోను చెయ్యమ్మా" అని వెళ్ళిపోయాడు. సింధూరి మామ్మ కాళ్ళ మీద పడబోయింది. మామ్మ ఆ పిల్ల చేతులు పట్టుకుని తిప్పి చూసి, "మిరపకాయలు ముట్టేవు. ఈ సేత్తో కల్లు తుడుసుకోకు" అంది.

ఇప్పుడు శ్రీకాకుళం నుంచి కొత్తవలస దాకా పెళ్ళి అంటే సింధూరికి ఫోను చేస్తారు. కూజాలూ అద్దాలూ ఆ పిల్ల ఎప్పుడో మానేసింది. గరిటెలు, తాటాకు బుట్టలు, మొక్కలు, పోపు పువ్వులు పెడుతుంది. పని ఒప్పుకునే ముందు ముహూర్తం అడగదు, హాలు అడగదు. "బల్లకి ఎన్ని కుర్చీలండీ?" అని అడుగుతుంది. గుమ్మం దగ్గర సంచులు పంచే ఫంక్షనైతే ఒప్పుకోదు. రెండు జిల్లాల్లో మా మామ్మ పిచ్చి ఇలా ఊళ్ళు తిరుగుతోంది.

మా ఊరు మాత్రం ఆ రోజు మామ్మకి మతి తప్పిందనే ఇంకా నమ్ముతోంది. మొన్న నాకు ఉండబట్టలేదు.

"మామ్మా, ఆ రబ్బరు పువ్వులు నువ్వు పెట్టలేదని నేను రాసేస్తాను."

"అప్పుడైతే వద్దందును. నా పేరుకి డెబ్బయ్యేల్లు. ఓ పూట ఎండలో పడితే ఏటీ కాదు. ఆ గుంట పేరు అప్పుడే మొలకెత్తినాది, తొక్కితే పోయేది. ఇప్పుడది మానైపోనాది. రాసుకో."

"నిజంగా రాసెయ్యనా?"

"రాసుకోవే. ఇంటరు రెండు మాట్లు తప్పినదానివి, నీ రాత సదివి నమ్మేదెవరేటి?"